మళ్లీ అదే పసుపు చొక్కా

పెళ్లయిన కొత్తలో మనిషికి సబ్బుబిళ్ల కూడా ముద్దొస్తుంది. అతిథిగృహం వాళ్లు గదిలో పెట్టిన సబ్బుబిళ్ల అగ్గిపెట్టెలో సగం ఉంది. పిచ్చుక దాన్ని అరచేతిలో పెట్టుకుని, "చూడు, చూడు, ఎంత బుజ్జిగా ఉందో!" అంటూ గదంతా తిరిగింది. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టు నిలబడ్డాయని ఫొటో తీసింది. కిటికీ తెరకున్న చిరుగు పడవలా ఉందని తీసింది. మొగుడి చెప్పులు గుమ్మంలో ఒకటి అటూ ఒకటి ఇటూ పడి ఉంటే, అలకలో ఉన్నాయని వాటినీ తీసింది.

ఆమెని పిచ్చుక అని పిలిచేది పుట్టింటివాళ్లు, నోరు మూయదని. ఆ ముక్క పెళ్లిపందిట్లోనే పెళ్లికొడుకు చెవిన పడింది. ఇంకేముంది, అత్తింట్లోనూ అదే ఖాయమైపోయింది. ఆమె మాత్రం ఊరుకుంటుందా? అతను భూములు కొలిచే సర్వేయరు. ఏ గదిలో అడుగుపెట్టినా మంచానికీ కిటికీకీ మధ్య ఎన్ని అడుగులో కళ్లతోనే కొలిచేసే రకం. అందుకని నలుగురిలో "ఏవండీ" అనీ, ఇద్దరే ఉన్నప్పుడు "ఓ సర్వేయరూ" అనీ పిలవడం మొదలుపెట్టింది.

కెమెరా మాత్రం వాళ్లది కాదు. సర్వేయరు అక్కది. ఆవిడ పాత కుర్చీలు బాగుచేస్తుంది. పేము ఊడినవి, కాలు విరిగినవి, స్పాంజి బయటికొచ్చినవి. వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ కుర్చీలక్క. పిచ్చుకకి వదిన. వీళ్లు ఊరికి బయల్దేరుతుంటే వార్నిష్ వాసన కొట్టే చేతుల్తో కెమెరా తెచ్చి, పిచ్చుక మెళ్లో వేసింది.

"ఫోన్‌తో తీసినవి ఎవరు దాచుకుంటారు మరదలా? దీంతో తీసుకోండి. కాకపోతే ఒక్క మాట. ఇందులో నా కుర్చీల ఫొటోలున్నాయి. బాగుచేశాక ఎలా ఉన్నాయన్నది ఎప్పుడైనా తీసుకోగలను. చెయ్యకముందు ఎలా ఉండేవో ఇంక తియ్యలేను కదా. అవి ఇందులో తప్ప ఇంకెక్కడా లేవు."

"వాటితో ఏం చేస్తావు వదినా?"

"నాటకశాల మేనేజరు సోమవారం చూస్తానన్నాడు. హాలు నిండా చిరిగిన కుర్చీలే. ముందు ఎలా ఉండేదో, తర్వాత ఎలా అయిందో పక్కపక్కన చూపిస్తేనే పని ఇస్తాట్ట. ఆ పని దొరికితే ఏడాదిపాటు గడపగడపా ఎక్కక్కర్లేదు. మీరు వచ్చాక స్టూడియోలో ప్రింట్లు వేయించుకుంటా."

"నాకొదిలెయ్ వదినా. కంప్యూటర్లు చదువుకున్నదాన్ని! నీ కుర్చీలు నా కంటిపాపలు."

వదిన నవ్వి, ఆమె బుగ్గ మీద ఓ వార్నిష్ మరక వదిలి వెళ్లింది.

మొదటిరోజు లైట్‌హౌస్ ఎక్కారు. సర్వేయరు పసుపు చొక్కా వేసుకున్నాడు. పైకి వెళ్లేసరికి గాలికి టోపీ ఎగిరిపోయి, గుండ్రంగా మెట్లమీద దొర్లుకుంటూ దిగిపోతుంటే అతను పగలబడి నవ్వాడు. అంత హుందాగా ఉండే మనిషి, పళ్లన్నీ కనబడేలా. పిచ్చుక సరిగ్గా ఆ క్షణంలో బటన్ నొక్కింది. నా మొగుడి మొదటి నవ్వు నా దగ్గరుంది అని కిందికి దిగేదాకా మురిసిపోయింది.

మధ్యాహ్నం గదికి వచ్చేసరికి వాన పట్టుకుంది. గొడుగు అడిగి తెస్తానని సర్వేయరు కిందికి వెళ్లాడు. ఈలోపు ఫొటోలన్నీ టాబ్లెట్‌లోకి ఎక్కించి, పెద్ద తెర మీద చూపిస్తానని అతనికి చెప్పి పిచ్చుక మంచం మీద బాసింపట్టు వేసుకు కూచుంది. టాబ్లెట్ స్నేహితురాళ్లంతా కలిసి పెళ్లికి ఇచ్చిన కానుక. దార్లో చూద్దామని దాన్నిండా సినిమాలు కూరింది. అందుకే అది పొద్దుటినుంచీ జాగా లేదు, జాగా లేదు అని ఒకటే నస.

కెమెరాలోంచి కార్డు తీసింది. పెద్ద తొడుగులో గోరంత కార్డు. దాన్ని తీసి టాబ్లెట్ పక్కనున్న సందులో పెట్టింది. తెర వెలిగింది. కొత్త కార్డు వచ్చింది, దీన్ని ఫొటోలు అటూఇటూ మార్చుకోడానికి వాడతారా, లేక టాబ్లెట్‌కే సొంత జాగాగా కలిపెయ్యమంటారా అని అడిగింది.

సొంత జాగా! పిచ్చుకకి ప్రాణం లేచొచ్చింది. ఒక్క దెబ్బకి నస కూడా వదిలిపోతుంది కదా. రెండోదే నొక్కింది. కింద సన్నటి అక్షరాల్లో ఏదో రాసుంది. ఇప్పటిదాకా ఏ తెర ఏమడిగినా ఆమె "సరే" అనే నొక్కింది. చదివి నొక్కేవాళ్లని ఎక్కడా చూసి ఎరగదు. మళ్లీ "సరే" అంది. ఓ గుండ్రటి గీత తిరగడం మొదలుపెట్టింది. అది తిరుగుతున్నంతసేపూ పిచ్చుక కూనిరాగం తీసింది. 'జాగా సిద్ధం' అని రాగానే చప్పట్లు కూడా కొట్టింది.

జాగా బోలెడుంది. ఫొటోలే లేవు.

ముందు వెతికింది. తర్వాత కార్డు తీసి, ఊది, చీరకొంగుతో తుడిచి, మళ్లీ పెట్టింది. కెమెరాలో పెడితే కెమెరా దాన్ని గుర్తే పట్టలేదు. అప్పుడు గుర్తొచ్చింది ఆ సన్నటి అక్షరాల్లో ఒక మాట. చదవలేదనుకుంది కానీ కన్ను చూసే ఉంది. కార్డులో ఉన్నవన్నీ చెరిగిపోతాయని.

తల కొట్టేసినట్టయింది. బ్రష్షులు పోయాయి, చెప్పులు పోయాయి, టోపీ ఎగిరిన నవ్వు పోయింది. అవన్నీ తనవి, ఏడిస్తే తీరేవి. కానీ కాలు విరిగిన కుర్చీలు ఇంక ఎక్కడున్నాయి? అన్నీ వదిన బాగుచేసేసింది.

"ఎక్కాయా?" సర్వేయరు గొడుగు దులుపుకుంటూ వచ్చాడు.

"ఎక్కు... ఎక్కుతున్నాయి."

"ఏదీ చూడనీ."

"ఇప్పుడు కాదు. ఇంటికెళ్లాక అన్నీ ఒకేసారి."

"అబ్బో, సస్పెన్సా! సినిమా చూపిస్తావన్నమాట."

పిచ్చుక నవ్వబోయింది. మొహం సహకరించలేదు. దువ్వెన మర్చిపోయానని చెప్పి, గొడుగు లాక్కుని వీధిలోకి పరిగెత్తింది.

వీధి చివర ఫోన్లు బాగుచేసే కొట్టులో ఒకతను కార్డుని వేలిమీద పెట్టుకుని, కంటికి దగ్గరగా తెచ్చుకుని, తన యంత్రంలో ఏదో చేసి తల అడ్డంగా ఊపాడు. "టాబ్లెట్ దీన్ని సొంతం చేసేసుకుందమ్మా. పాతవి రావు. ఎవరైనా వస్తాయని చెబితే నమ్మకండి."

"ఒక్కటి కూడానా?"

"ఏం ఫొటోలమ్మా, పెళ్లివా?"

"కుర్చీలవి," అంది పిచ్చుక, అక్కడే కళ్లనీళ్లు పెట్టేసుకుంది. అతను బిత్తరపోయి స్టూలు ముందుకి లాగాడు. కొత్త కార్డు ఒకటి కొనుక్కుని వచ్చింది. దువ్వెన కొనడం మర్చిపోయింది.

మర్నాడు వాన వెలిసింది. "లైట్‌హౌస్‌కి మళ్లీ వెళ్దామా?" అంది.

"నిన్ననేగా వెళ్లాం."

"నాకు బాగా నచ్చింది. ఆ పసుపు చొక్కాయే వేసుకో."

"మాసిపోయింది కదే! కాలరు చూడు."

"నీకు బావుంటుంది."

ఆ ఒక్క మాటకి మనిషి ఎంత వెలిగిపోయాడంటే, పిచ్చుకకి అతని మొహంలోకి చూడ్డానికి ధైర్యం చాల్లేదు. మాసిన చొక్కాని తడిచేత్తో సాపు చేసుకుంటూ ఈల వేశాడు. గదిలో ఆమె నిన్న తీసినవన్నీ దొంగచాటుగా మళ్లీ తీసింది. బ్రష్షులు సర్దింది. చెప్పులు ఒకటి అటూ ఒకటి ఇటూ పెట్టింది. నిన్న అలకలో ఉన్న చెప్పులు ఇవాళ ఎవరో నిలబెడితే నిలబడ్డట్టున్నాయి.

లైట్‌హౌస్ పైన గాలి లేదు.

"నిన్నటిలా నవ్వు."

"నిన్న ఎలా నవ్వానో నాకేం తెలుసు?"

"టోపీ ఎగిరిపోయింది కదా, అప్పుడు."

అతను ఒక్క నిమిషం ఆలోచించి, టోపీ తీసి తనే మెట్ల మీదకి విసిరాడు. విసిరి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. ఆమె అడిగిందని. పిచ్చుక ఫొటో తీసింది. టోపీ కోసం అతనే మళ్లీ అన్ని మెట్లూ దిగి వెళ్లాడు.

అతను కిందుండగానే వదిన ఫోన్.

"మరదలా! ఏం చేస్తున్నారర్రా? మా వాడు లైట్‌హౌస్ ఎత్తు కొలిచాడా లేదా?"

"కొలిచారు వదినా."

"వాడంతే. ఇదిగో, మేనేజరు ఇందాక వచ్చాడు. ఇంకెవరో కూడా పని అడుగుతున్నాట్ట. నీ దగ్గర ముందటి ఫొటోలు ఉన్నాయా, లేకపోతే ఇప్పుడే చెప్పు అన్నాడు. నా దగ్గర లేకపోవడమేంటి, భద్రంగా మా మరదలి దగ్గరున్నాయి అన్నాను. ఉన్నాయి కదూ?"

పిచ్చుక చెప్పాల్సింది మహా అయితే రెండు ముక్కలు, పోయాయి వదినా అని.

"ఉన్నాయి వదినా."

"నా బంగారమే," అని ఫోన్ పెట్టేసింది వదిన.

ఆ మాట ఆ తర్వాత ఎక్కడికెళ్లినా పిచ్చుక వెంటే వచ్చింది. అన్నం ముందు కూచున్నా, అద్దం ముందు నిలబడ్డా. బుజ్జి సబ్బుబిళ్లతో చేతులు కడుక్కుంటుంటే కూడా. ఊరికే వాగే మనిషి గమ్మున కూచుంటే సర్వేయరుకి అర్థం కాలేదు. ఇంటిమీద బెంగ పెట్టుకుందనుకున్నాడు. పాపం, రోజూ ఏదో ఒక బుజ్జి వస్తువు వెతికి తెచ్చి చూపించాడు. బటనంత గవ్వ, వేలెడంత పెన్సిలు.

శనివారం పొద్దున్న రైలెక్కారు. ఎదురు సీట్లో ఒక పెద్దావిడ ఊలు అల్లుకుంటోంది. కొత్త జంటని చూస్తే ఎవరికి ఊరుకోబుద్ధవుతుంది?

"ఫొటోలు తీసుకున్నారా? చూపించండర్రా."

పిచ్చుక వారించేలోపే సర్వేయరు కెమెరా తీసి, వెనక తెర వెలిగించి ఆవిడ ఒళ్లో పెట్టేశాడు. "మా ఆవిడ తీసిందండీ. ఒకసారి చూసిన చోటు మళ్లీ చూడందే ఉండలేదు. ఈ లైట్‌హౌస్ రెండుసార్లు ఎక్కించింది నన్ను."

"అదృష్టవంతుడివి నాయనా. చూడు ఎంత చక్కగా నవ్వించిందో," అంది పెద్దావిడ, టోపీ ఫొటో మీద వేలు పెట్టి.

పిచ్చుక చివాల్న లేచి పెట్టె చివరికి వెళ్లిపోయింది. సర్వేయరు కంగారుగా వెనకాలే వచ్చాడు. చేతులు కడుక్కునే కుళాయి దగ్గర, రైలు ఊపుకి అటూఇటూ తూలుతూ, ఆమె మొత్తం కక్కేసింది. సన్నటి అక్షరాలు, దువ్వెన, కొత్త కార్డు, ఫోన్లో వదినకి చెప్పిన అబద్ధం.

అతను కుళాయి కట్టేసి ఉన్నా మళ్లీ ఓసారి కట్టాడు.

"అయితే పసుపు చొక్కా బావుంటుందన్నది?"

ఆమె తల దించుకుంది.

"నిజమనుకున్నానే పిచ్చుకా." కోపంగా అనలేదు. అందుకే ఆమెకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. "మాసిన చొక్కా వేసుకుని, టోపీ విసురుకుని... ఎవరైనా చూసుంటే నన్నేమనుకునేవాళ్లు?"

"బావుంటుంది. నిజంగానే బావుంటుంది. కానీ ఆరోజు అందుకు అడగలేదు."

రైలు ఏదో స్టేషన్లో ఆగి మళ్లీ కదిలింది. చివరికి అతనే అన్నాడు. "అక్కకి నేను చెప్తాను. నా చేతిలోనే పోయాయని. నన్నయితే నాలుగు తిట్టి ఊరుకుంటుంది. చిన్నప్పట్నించీ అలవాటే దానికి. నువ్వు కొత్తదానివి. మొదట్లోనే ఎందుకు?"

పిచ్చుకకి ఒక్కసారిగా ఊపిరాడింది. ఎంత సులువు! మిగతా దారంతా ఆ సులువుని ఒళ్లో పెట్టుకునే కూచుంది. కానీ ఊరు దగ్గరపడేకొద్దీ అది బరువెక్కుతూ వచ్చింది.

వదిన పనిచేసే షెడ్డు ఇంటి వెనకాలే. లోపల పేము నానబెట్టిన తొట్టి, మేకుల డబ్బాలు, గోడకి తలకిందులుగా వేలాడే కుర్చీలు. వదిన ఒక కుర్చీని మోకాళ్ల మధ్య బిగించి పేము లాగుతోంది. పళ్ల మధ్య ఒక కొస, చేతిలో ఒక కొస. వీళ్లని చూడగానే నోట్లోది వదిలేసింది.

"వచ్చారా! ఏదీ నా కెమెరా?"

"అక్కా," సర్వేయరు గొంతు సవరించుకున్నాడు, "నావల్ల ఒక పొరపాటు..."

"ఆయన వల్ల కాదు వదినా." పిచ్చుకకి తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నేనే. నీ ఫొటోలన్నీ పోయాయి. చదవకుండా నొక్కేశాను. నువ్వు ఫోన్ చేసినప్పుడు ఉన్నాయన్నానే, అప్పటికే పోయాయి. తెలిసే అబద్ధం చెప్పాను."

వదిన చేతిలోంచి పేము జారి, చుట్టుకుపోయి నేలమీద పడింది. ఆవిడ దాన్ని తీయలేదు. గోడమీద కుర్చీల్ని ఒకటొకటే చూసింది, లెక్క తప్పిందేమో అన్నట్టు.

"పోతే పోయాయి," అంది చివరికి. "వస్తువన్నాక పోతుంది. నేను మాత్రం ప్రింట్లు వేయించుకోకుండా ఇవ్వడమేంటి? కానీ నేనడిగినప్పుడు చెప్పుంటే మేనేజరుకి ఆరోజే చెప్పుకునేదాన్ని, ఇంకో నాలుగు రోజులు గడువడిగేదాన్ని. ఉన్నాయని చెప్పి నన్ను నిశ్చింతగా పడుకోబెట్టావు చూడు, అదీ మంట. ఇప్పుడు రేపొక్కటే ఉంది."

పిచ్చుక కళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక పక్కనున్న కుర్చీ మీద పెట్టింది. ఎవరో సుఖంగా కూచుని కూచుని గుంట పడిన కుర్చీ. చేతుల మీద రంగు పోయి, వేళ్ల ఆనవాళ్లు కూడా ఉన్నాయి. అలా చూస్తుండగా తట్టింది.

"వదినా, నువ్వు బాగుచేసినవీ ఇలాగే వాళ్లవాళ్ల ఇళ్లలో ఏళ్ల తరబడి ఉన్నవేగా? పాడయ్యాక కూడా వాటిలో కూచుని ఎవరో ఒకరు ఫొటో దిగి ఉండరా?"

వదిన ఆమెని ఎగాదిగా చూసింది. కోపం ఇంకా దిగలేదు కానీ కళ్లలో ఏదో కదిలింది.

"ఉండొచ్చు. వెళ్లి అడుగు. ఇళ్లు నేను చూపిస్తా. కానీ గుమ్మం బయటే నిలబడతా. అడిగేదీ నువ్వే, ఎందుకు కావాల్సొచ్చిందో చెప్పేదీ నువ్వే. మా తమ్ముణ్ణి పంపించావో, చూడు మరి."

ఆదివారం పొద్దున్నే మొదటి గుమ్మం పళ్ల డాక్టరుది. పిచ్చుక "కుర్చీలక్క మరదల్నండీ. ఆవిడ ఫొటోలు నేను చెరిపేశాను," అంది. డాక్టరు నోరు తెరిచాడు, తనే పేషెంటులా. తర్వాత ఆల్బం తెచ్చాడు. వాళ్లబ్బాయి ముక్కు కారుతూ, పేము ఊడి చిల్లు పడిన కుర్చీలోంచి ఒక కాలు కిందికి వేలాడేసుకుని దొరికాడు. రెండో గుమ్మంలో అదే మాట. గొంతు కాస్త తక్కువ వణికింది. మూడో ఇంట్లో ముసలాయన వినపడక మూడుసార్లు చెప్పించుకున్నాడు. మూడోసారి పిచ్చుక, "చెరిపేసింది నేనేనండీ!" అని వీధంతా వినపడేలా అరవాల్సొచ్చింది. పక్కింటి కిటికీ తలుపు తెరుచుకుంది. సిగ్గుతో చెవులు మండిపోయాయి. బయట వదిన భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమోనని హడలిపోయింది. చూస్తే నవ్వుతోంది.

తర్వాతి ఇంట్లో చెప్పనే అక్కర్లేకపోయింది. తలుపు తీసినావిడ, "మీరేనా ఆ ఫొటోలు చెరిపిన అమ్మాయి? డాక్టరుగారు ఫోన్ చేశారు. రండి, తీసి పెట్టాను," అంది.

గోడకున్న పటాల్ని దించకుండానే కెమెరాతో ఫొటోలు తీసుకుంది. అద్దంలో తన మొహమే పడుతోంది. "పక్కకి జరుగు మరదలా, నువ్వు కాదు, కుర్చీ కావాలి," అంటూ వదిన ఎప్పుడు లోపలికొచ్చిందో వచ్చేసింది.

అన్ని కుర్చీలూ దొరకలేదు. దొరికినవాటిలో సగం మనుషుల కింద దాక్కున్నాయి. సాయంత్రం వాటిని టాబ్లెట్‌లోకి ఎక్కించేటప్పుడు వదిన పక్కనే నిలబడి, తెర అడిగిన ప్రతి ముక్కా పైకి చదివించింది. సోమవారం మేనేజరు వాటిని చూసి చాలాసేపు బుర్ర గోక్కున్నాడు. ఇందులో కుర్చీలకంటే పిల్లలే ఎక్కువున్నారమ్మా అన్నాడు. చివరికి ముందు రెండు వరసలు మాత్రం ఇచ్చాడు, అవి నచ్చితే మిగతావి చూద్దామని. మిగతావి ఎవరికి వెళ్తాయో ఇంకా తెలియదు. అది తలుచుకున్నప్పుడల్లా పిచ్చుక మొహం చెల్లక, అడక్కుండానే షెడ్డుకి వెళ్లి పేము తడిపి పెడుతోంది.

ఒక సాయంత్రం టాబ్లెట్ మళ్లీ జాగా లేదని నస మొదలుపెట్టింది. పిచ్చుక మంచం మీద కూచుని టోపీ ఫొటో తెరిచింది.

"ఇది తీసేస్తాను సర్వేయరూ. చూస్తే సిగ్గేస్తోంది. దొంగ ఫొటో."

అతను వంగి చూశాడు. మాసిన కాలరు, గాలి లేని ఆకాశం, గాల్లో టోపీ.

"ఉంచు. ఇందులో నేను నిజంగానే నవ్వాను. నవ్వనిది నువ్వు. నువ్వు ఫొటోలో లేవుగా."

తెర అడుగుతోంది. ఎంచుకున్న ఫొటో చెరిగిపోతుంది, మళ్లీ రాదు, సరేనా అని. పిచ్చుక దాన్ని పైకి, మొదటినుంచి చివరిదాకా, సన్నటి అక్షరాలతో సహా చదివింది. చదివి, "వద్దు" నొక్కింది. తర్వాత కూచుని సినిమాలన్నీ ఒకటొకటే తీసేసింది.